రుచి చూసిన పదకొండు ముక్కలు

మా తమ్ముడు ఆర్లన్ స్ట్రౌడ్ ఈ లోకంలో వెలగబెట్టిన ఘనకార్యం మొత్తం తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లది. మిగతా బతుకంతా ఆ తొమ్మిది నిమిషాల కథ ఊరివాళ్ళు చెబుతుంటే తలొంచుకుని వినడంతోనే సరిపోయింది.

నా పేరు వెల్డా. మాది టెక్సస్ ఉత్తరపు కొసన ఉన్న బ్రేస్‌ఫర్డ్. హైవే మీద పోయేవాళ్ళు పెట్రోలుకి తప్ప ఆగని ఊరు. ఊళ్ళో మనుషులకన్నా పశువులు ఎక్కువ. తెలివి ఎవరికి ఎక్కువో నన్నడక్కండి. రాస్కో స్టీక్ హౌస్‌లో ముప్పై ఏళ్ళు వడ్డించాను. నాకు ముక్కు మీద కోపమని ఊరంతా అంటుంది. ముప్పై ఏళ్ళు రోజుకి నూరుసార్లు "ఇది సరిగ్గా కాలలేదు", "ఇది మరీ మాడింది" అని వింటే కోపం ముక్కు మీద కాకపోతే ఇంకెక్కడుంటుంది?

రాస్కోలో ఒక పందెం ఉంది. రెండు కిలోల స్టీకు, పక్కన పిడికిలంత ఉడికించిన బంగాళాదుంప, ఒక గిన్నెడు ఆకుకూర ముక్కలు, మూడు వేయించిన రొయ్యలు, ఒక బన్ను. ఇదంతా గంటలో తినేస్తే ఉచితం, మిగిలిస్తే బిల్లు. తినేవాణ్ణి హాలు మధ్య ఎత్తు అరుగు మీద కూర్చోబెడతారు, ఊరంతా చూడ్డానికి. కాళ్ళ దగ్గర బకెట్ పెడతారు. అదెందుకో నేను చెప్పక్కర్లేదు. కుర్చీలోంచి లేస్తే ఓడినట్టే. ఇంకొకరు ముక్క ముట్టుకున్నా ఓడినట్టే.

ఇంకొక్క రూలు ఉంది, అది మా ఊరివాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టదు. స్టీకు ముందు పెట్టగానే గడియారం మొదలవ్వదు. తినేవాడు ముందు కోసి రుచి చూస్తాడు. తనకి నచ్చినట్టు కాలిందో లేదో చూసుకుని "సరే" అన్నాకే గంట కొట్టి గడియారం పెడతారు. ఎందుకంటే మా దగ్గర మాంసం రుచి చూసేవాణ్ణి తొందరపెట్టడం మర్యాద కాదు. పెళ్ళి ప్రమాణాలు చెప్పేటప్పుడు దగ్గినా ఊరుకుంటారు గానీ, స్టీకు మొదటి ముక్క నములుతున్నవాణ్ణి "ఎలా ఉంది" అని అడిగితే ఎవరూ ఊరుకోరు.

ఇది కాక ఇంకో అలవాటుంది మాకు. ఎవరింటికి వెళ్ళినా "తిన్నావా" అంటారు. "ఇప్పుడే తిన్నాను" అనాలి. తినకపోయినా సరే అలాగే అనాలి. ఇంకో రెండుసార్లు బతిమాలితే అప్పుడు ఒక ముక్క ముట్టుకోవాలి. మా అమ్మ మాకు నడక నేర్పకముందే ఈ మాట నేర్పింది.

పంతొమ్మిది వందల ఎనభై మూడు జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం మా వాడు ఆ అరుగు ఎక్కాడు. అప్పుడు వాడికి ఇరవై ఆరు. బయట మంచు మోకాళ్ళ దాకా పడి ఉంది. మనిషి కర్రలా ఉండేవాడు. ఆర్లన్ పందెం కాస్తాడని కలలో కూడా అనుకోలేదు నేను.

"ఒరేయ్, నీకేం పోయేకాలంరా? ఓడిపోతే బిల్లు నేను కట్టుకోవాలి" అన్నాను, వాడికి వినపడేలా మాత్రమే.

"ఓడిపోనులే అక్కా" అన్నాడు.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ఇప్పుడే తిన్నాను" అన్నాడు.

"తిని వచ్చి పందెం కాస్తావా, వెర్రి వెధవా" అని తిట్టి, గడియారం బొత్తాం చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజుల్లో ఆ బొత్తాం నొక్కే పని నాదే.

స్టీకు పెట్టారు. ఆర్లన్ ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. నమిలి మింగాడు. మేమంతా "సరే" అంటాడని చూస్తున్నాం. వాడు ఏమీ అనలేదు. ఇంకో ముక్క కోశాడు. అదీ అంతే, కళ్ళు మూసుకుని నిదానంగా. మూడోది స్టీకు అవతలి అంచు నుంచి కోశాడు, అటు వైపు ఎలా కాలిందో చూస్తున్నట్టు.

హాల్లో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. మా నాన్న నలభై ఏళ్ళు మాంసం కోసి అమ్మిన మనిషి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా ఆయన మాటే ఖాయమనేవాళ్ళు. "స్ట్రౌడ్ కొడుకు కదా, మరి" అని ముసలాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. యజమాని హబ్ రాస్కోకి ముచ్చెమటలు పట్టాయి. తన స్టీకులో ఏం లోపం ఉందోనని వంటగదిలోంచి వంటవాణ్ణి పిలిపించి పక్కన నిలబెట్టాడు. మా వాడు నాలుగోది తిన్నాడు. అయిదోది తిన్నాడు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పదకొండు ముక్కలు తిన్నాడు, ఒక్కోటీ ముందుదానికన్నా పెద్దది. పన్నెండు నిమిషాలు పట్టింది. అప్పటికి పళ్ళెంలో సగం పైగా ఖాళీ.

అప్పుడు తలెత్తి, "సరే, బావుంది" అన్నాడు.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. హబ్ రాస్కో కళ్ళు తుడుచుకున్నాడు. నేను బొత్తాం నొక్కాను. మిగిలింది తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లలో అయిపోయింది.

అది మోసమని ఒక్క తలకాయకీ తట్టలేదు. పశువుల వేలం యార్డు పెట్టుకున్న పెద్దాయన ఆ రోజు మూడో బల్ల దగ్గర ఉన్నాడు. "మాంసం గురించి ఒక్క మాట చెప్పడానికి అంతసేపు ఆలోచించేవాడు నా దగ్గర ఉండాలి" అని, మార్చిలో మా వాడికి తూకం దగ్గర ఉద్యోగం ఇచ్చాడు. ఆ ఉద్యోగం ముప్పై మూడేళ్ళు చేశాడు ఆర్లన్.

మరి నాకు తట్టిందా అంటే, తట్టింది. బొత్తాం నొక్కినదాన్ని నేను, లెక్కపెట్టినదాన్ని నేను. కానీ మా వాడు అమాయకుడు. చిన్నప్పుడు చెప్పుల జోడు కొనాలన్నా గంట ఆలోచించేవాడు. నిజంగానే తేల్చుకోలేక అన్ని ముక్కలు తిన్నాడని అనుకున్నాను. పాపం, తను చేసింది ఏమిటో వాడికే తెలీదు, తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడని నోరు మూసుకున్నాను. నా అంతట నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ. అదొక్కటే ముప్పై ఆరేళ్ళు నడిచింది.

ఆ రికార్డుతో మా వాడికి జరిగిన వైభోగం చెప్తే నవ్వుతారు. గోడ మీద చెక్క బోర్డుకి పైవరుసలో బంగారు రంగు అక్షరాలతో వాడి పేరు రాయించాడు హబ్. దాని కింద ఒక కుర్చీ వేసి వెనక ఇత్తడి రేకు కొట్టించాడు. ఏటా కుర్రాళ్ళు పొగరు గుర్రాలూ ఎద్దులూ ఎక్కే రోడియో పండగ ఊరేగింపులో పికప్ ట్రక్కు వెనకాల అట్టతో చేసిన పెద్ద స్టీకు పక్కన వాణ్ణి నిలబెట్టేవాళ్ళు. బళ్ళోకి పిలిచి పట్టుదల గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు. "నమిలి తినండి" అని కూర్చున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాస్టర్ గారు ఆదివారం పొద్దున తిండిపోతుతనం ఎంత పాపమో గంటసేపు చెప్పి, అక్కణ్ణుంచి తిన్నగా రాస్కోకి వచ్చి మా వాడి భుజం మీద చెయ్యేసి ఫోటో దిగేవారు. ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆర్లన్ దగ్గరికే. నీళ్ళ బోరు ఎక్కడ వెయ్యాలి, ఎవరికి ఓటు వెయ్యాలి, ఇవి కూడా అడిగేవాళ్ళు. అంత మాంసం తిన్నవాడికి అన్నీ తెలుస్తాయని వాళ్ళ నమ్మకం.

పెళ్ళి మాత్రం కాలేదు. "ఇంత తినేవాడికి వండి పెట్టడం నావల్ల కాదు" అని వేలం యార్డులో లెక్కలు రాసే ఒక పిల్ల నవ్వుతూ అంది. నవ్వుతూనే ఇంకొకణ్ణి చేసుకుంది. నిజానికి మా వాడిది పిట్ట తిండి. ఆదివారం మా ఇంటికొస్తే సగం పళ్ళెం కూడా తినడు. పైగా ఎక్కడ తిన్నా ఒక బన్ను చేతిగుడ్డలో చుట్టి కోటు జేబులో పెట్టుకుంటాడు. "ఏరా పిసినారీ, రేపటికా?" అని ప్రతివారం ఆటపట్టించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

రిటైరయ్యాక వాడికి మిగిలింది ఆ బోర్డూ ఆ కుర్చీనే. రోజూ పదకొండింటికి వెళ్ళి దాని కింద కూర్చుంటాడు. దారినపోయే లారీ డ్రైవర్లు "ఆ ఆర్లన్ స్ట్రౌడ్ మీరేనా" అని చెయ్యి కలిపితే, ఆ రోజు సాయంత్రం నాకు ఫోను చేసి చెబుతాడు. చెయ్యి కలపని రోజు ఫోను రాదు. బోర్డు మీద ఆ పేరు చెరిపేస్తే వాడు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో వాడికి తెలీదు. అందుకే ఎవరైనా పందెం కాస్తున్నారంటే గడియారం మీంచి నా కళ్ళు కదిలేవి కావు. వచ్చినవాడు పది నిమిషాలు దాటాక గానీ నాకు ముద్ద దిగేది కాదు.

హబ్ పోయాక హోటలు కూతురు డానెట్ చేతికి వచ్చింది. మంచి పిల్లే. కానీ నిద్రలో కూడా వ్యాపారమే. హోటలు పెట్టి యాభై ఏళ్ళయిందని పెద్ద హడావుడి మొదలెట్టింది. సామాన్ల గదిలో ఒక రేకు డబ్బా దొరికిందిట. ఎనభై మూడులో హబ్ బావమరిది తన సినిమా కెమెరాతో తీసిన రీలు, మా ఆర్లన్ పందెం మొత్తం, మొదట్నించీ చివరిదాకా. దాన్ని బాగు చేయించి అందరి ఫోన్లలోకి వచ్చేలా పెట్టేసింది.

ఊళ్ళో అందరూ చూశామన్నారు. ఎవరూ చూడలేదు. కథ తెలుసు కదా అని చివరి నిమిషం చూసి చప్పట్లు కొట్టారు. మొత్తం చూసిన మనిషి ఒక్కతే, అది దూరాన మినెసోటాలో.

ఆవిడ పేరు మారిట్ లుండీన్. పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం. తీరిక దొరికితే ఊరూరా తిరిగి తిండి పందేలు కాస్తుంది. నలభై ఎనిమిది కిలోల మనిషి, చెయ్యి పట్టుకుంటే విరిగేలా ఉంది. మే నెలలో యాభయ్యో ఏడు పండగ శనివారానికి వస్తానని ఉత్తరం రాసింది. డానెట్ ఎగిరి గంతేసింది.

రికార్డు కోసం ఎవరైనా కూర్చుంటే రికార్డు ఉన్నవాడు పక్కన జడ్జిగా కూర్చోవాలి. అది రాస్కోలో మొదట్నించీ ఉన్న పద్ధతి. "పిన్నీ, బొత్తాం కూడా నువ్వే నొక్కాలి. పాత రోజుల్లో లాగానే" అని డానెట్ నా ఇంటికొచ్చి బతిమాలింది.

"నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నాను.

"బొత్తాం మోకాళ్ళతో నొక్కవు కదా పిన్నీ" అంది. వాళ్ళ నాన్న నోరే వచ్చింది దానికి.

ఆ శనివారం పన్నెండింటికి హాలు కిటకిటలాడిపోయింది. ఆర్లన్ ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీతో అరుగు పక్క కుర్చీలో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఏం కాదులేరా, ఆ బక్కప్రాణి ఏం తింటుంది" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.

మారిట్ అరుగు ఎక్కి ముందు ఆర్లన్‌కి చెయ్యి కలిపింది. "మీ ఫిల్ము తొమ్మిదిసార్లు చూశానండీ" అంది, ఎంతో గౌరవంగా.

స్టీకు పెట్టారు. ఆవిడ ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. డానెట్ అడిగింది, "ఎలా ఉంది మేడమ్?"

"ఇంకా తేల్చుకోలేదండీ" అంది మారిట్.

రెండో ముక్క తింది. మూడోది అవతలి అంచు నుంచి కోసింది. జనం మొదట నవ్వారు. నాలుగో ముక్కకి నవ్వు ఆగింది. అయిదో ముక్కకి డానెట్ మొహం పాలిపోయింది. గోడ మీద రూళ్ళ బోర్డు చదివింది, మళ్ళీ చదివింది. రుచి చూసి సరే అన్నాకే గడియారం అని ఉంది గానీ, రుచి అంటే ఎన్ని ముక్కలో అక్కడ లేదు. ఇలా తింటే ఆవిడ పళ్ళెం అంతా రుచే చూసి, చివర్న బన్ను ఒక్కటి మిగిల్చి "సరే" అంటుంది. రికార్డు అరనిమిషం.

"బాబాయ్, జడ్జివి నువ్వే, నువ్వు చెప్పు. ఇది చెల్లుతుందా?" అంది డానెట్.

మారిట్ ఫోర్కు కింద పెట్టింది. "అయ్యా, నేను మీరు చేసిందే చేస్తున్నాను. తప్పంటే చెప్పండి, ఆపేస్తాను." ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. అదే నాకు ఇంకా మండింది.

ఆర్లన్ టోపీ అంచు సర్దుకున్నాడు. ఏమని చెబుతాడు? చెల్లుతుందంటే రికార్డు ఆవిడది. చెల్లదంటే వాడిదీ చెల్లదు. వాడి మొహం చూశాక నాకు ఒళ్ళు తెలీలేదు.

"ఏమ్మా, నువ్వు నేర్చుకున్నది ఇదేనా?" అన్నాను, బొత్తాం చేత్తో పట్టుకునే. "మాంసం తెలిసినవాళ్ళకి బావుందో లేదో మొదటి ముక్కకే తెలుస్తుంది. అయిదు ముక్కలు కావాలా నీకు? రుచి చూడ్డం కాదు అది, తినడం."

హాల్లో ఉన్న రైతులంతా తలలు ఊపారు. "నిజమే, మొదటి ముక్కకే తెలుస్తుంది" అన్నాడు ఒకాయన. "అవును మరి" అన్నాడు ఇంకొకాయన. అలా తలలు ఊపుతూ ఊపుతూ ఒక్కొక్కరే ఆగిపోయారు. ఒక్కొక్కరే మా తమ్ముడి వైపు తిరిగారు. ముప్పై ఆరేళ్ళు దాచిన మాట నా నోటితో నేనే బయటపెట్టానని అప్పుడు అర్థమైంది నాకు. ఆ క్షణాన నా నాలుక కోసి ఆ పళ్ళెంలోనే పెట్టాలనిపించింది.

ఆర్లన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మా అక్క చెప్పింది నిజం. నాకూ మొదటి ముక్కకే తెలిసింది. బావుందని" అన్నాడు.

డానెట్ మెల్లిగా అడిగింది. "మరి మిగతా పది ఎందుకు తిన్నావు బాబాయ్?"

"ఆకలేసింది" అన్నాడు.

ఎవరో ఒకరిద్దరు నవ్వబోయారు. వాడి మొహం చూసి మానేశారు.

"ఆ జనవరి మొదట్లో నేను పనిచేసే దొడ్డి మూసేశారు. పశువులు మంచులో గడ్డకట్టి చచ్చిపోయాయి, మేపడానికి ఏమీ మిగల్లేదు. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి వెళ్తున్నట్టు వెళ్ళి ట్రక్కులో కూర్చునేవాణ్ణి. ఈ అరుగు ఎక్కేనాటికి రెండు రోజులైంది తిని. గెలిస్తే ఉచితం కదా అని ఎక్కాను, రికార్డు కోసం కాదు. మొదటి ముక్క తిన్నాక అనుకున్నాను, 'సరే' అంటే గంట కొడతారు, గంట కొడితే కుక్కలా మింగాలి. కాస్తంత సేపు మనిషిలా తిందామనుకున్నాను. మీరెవరూ ఏమీ అనలేదు. అందుకని ఇంకొంచెం తిన్నాను."

అంత పొడుగు మాట వాడు జన్మలో మాట్లాడలేదు.

"తర్వాత చెబుదామనుకున్నాను. హబ్ ఏడుస్తూ కావలించుకున్నాడు. ఆపైన ఉద్యోగం వచ్చింది. ఇక ఎలా చెప్పను?" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నీకు తెలీదనుకున్నాను అక్కా" అన్నాడు.

నాకు తెలుసు. ముక్కల లెక్క తెలుసు. ఆకలి తెలీదు. అదే నేను ఈనాటికీ మింగలేని ముద్ద. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాను ఆ రోజు. వెనక వంటగదిలో రెండొందల మందికి సరిపడా తిండి ఉంది. మిగిలినవి నేనే చెత్తబుట్టలో వేసేదాన్ని. సొంత తమ్ముడు కళ్ళు మూసుకుని నములుతుంటే రుచి చూస్తున్నాడని అనుకున్నాను. తిన్నావా అని అడిగాను, తిన్నానన్నాడు, వెధవా అని తిట్టి ఊరుకున్నాను. ఇంకో రెండుసార్లు అడగాలని మా అమ్మ నేర్పింది కదా, అడగలేదు. అరుగు పక్కన నిలబడి అందరి ముందూ ఏడ్చాను, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆర్లన్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. ముప్పై ఆరేళ్ళ ఛాంపియన్‌గా కాక, వేలం యార్డులో తూకం దగ్గర మాట్లాడే గొంతుతో అన్నాడు. "నాది భోజనం, రికార్డు కాదు. కొట్టెయ్యండి. ఈవిడ ఆకలితో రాలేదు, కాబట్టి ఈవిడకి రుచి ఒక్క ముక్కే. ఇంకో స్టీకు తీసుకురండి."

కొత్త స్టీకు వచ్చింది. మారిట్ ఒక్క ముక్క తిని "సరేనండీ" అంది. నేను కళ్ళు తుడుచుకుని బొత్తాం నొక్కాను. పదకొండు నిమిషాల రెండు సెకన్లు పట్టింది ఆవిడకి. బకెట్ వైపు కన్నెత్తి చూడలేదు. దిగేటప్పుడు ఆర్లన్ ముందు నిలబడి వాడి భుజం తట్టి వెళ్ళిపోయింది. పళ్ళు మాత్రం తోముకోకుండా ఊరు దాటి ఉండదు.

మా ఊరు మారుతుందనుకున్నారా? అదేం లేదు. ఆర్లన్‌ని ఎవరూ దొంగ అనలేదు, అది నిజమే. కానీ ఆ వారంలోనే ప్రతివాడూ ఆనాడు తనకి అనుమానం వచ్చిందన్నాడు. ఆకలి మొహం చూడగానే గుర్తుపట్టానని ఆ రోజుకి ఇంకా పుట్టనివాళ్ళు కూడా చెప్పారు. పాస్టర్ గారు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం గురించి గంటసేపు చెప్పి, తిన్నగా రాస్కోకి వచ్చి మా వాడితో మళ్ళీ ఫోటో దిగారు. ఇక డానెట్ అయితే నెల తిరక్కుండా దాన్నీ వ్యాపారం చేసింది. "ఆర్లన్ భోజనం" అని మెనూలో కొత్తది పెట్టింది. పదకొండు ముక్కలు, గడియారం లేదు. ఆ బొమ్మతో చొక్కాలు కూడా వేయించింది. బాగా అమ్ముడవుతున్నాయి.

బోర్డు మీద పైవరుసలో ఇప్పుడు మారిట్ పేరు ఉంది. కింద కుర్చీ మాత్రం తియ్యలేదు. ఆర్లన్ ఇప్పుడు రోజూ వెళ్ళడు. వారానికి రెండు రోజులు వెళ్తాడు. ఫోను మాత్రం రోజూ చేస్తున్నాడు, ఎవరూ చెయ్యి కలపకపోయినా.

పండగ అయిన మర్నాడు ఆదివారం ఎప్పటిలాగే మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులకున్న మట్టి దులుపుకుంటున్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది ఆ ప్రశ్న. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు.

అడగలేదు. కుర్చీ లాగి పళ్ళెం పెట్టాను.

"ఇప్పుడే తిన్నాను అక్కా" అన్నాడు, నేను అడక్కపోయినా.

"కూర్చోరా" అన్నాను.

కూర్చున్నాడు. చాలాసేపు తిన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఎక్కడో చూస్తూ ఊరుకున్నాను. మధ్యలో రెండుసార్లు వడ్డించాను, వద్దనలేదు. లేచేటప్పుడు అలవాటుగా బుట్టలోంచి ఒక బన్ను తీసి చేతిగుడ్డలో చుట్టుకోబోయి నా మొహం చూశాడు, ఏం అంటానోనని. ఆ గుడ్డ వాడి చేతిలోంచి తీసుకుని, ఇంకో రెండు బన్నులు పెట్టి, ముడేసి వాడి కోటు జేబులో పెట్టాను.